పిల్లలకు దూరదర్శిని కొనబోయే ముందు...

వారం క్రిందట ఒక మిత్రుడు ఫోను చేసి, "మాస్టారూ, మా అబ్బాయికి పదేళ్లు నిండుతున్నాయి. టెలిస్కోపు కావాలని ఒకటే గొడవ. నాలుగువేల లోపల మంచిదేదైనా ఉంటే చెప్పండి" అని అడిగాడు. తెలుగు పండితుణ్ణి పట్టుకొని టెలిస్కోపు సంగతి అడగడమేమిటని మీకు అనిపించవచ్చు. నిజమే. సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పుకొని బ్రతికినవాణ్ణి. భౌతికశాస్త్రంలో నా పాండిత్యం పదవ తరగతితో సరి. అయితే ఈ విషయంలో ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. ఆ మాటకొస్తే దెబ్బ తగిలింది నాకు కూడా కాదు, నా మనవరాలికి. ఆ కథంతా ఆయనకు చెప్పాను. చెప్పిన తరువాత, ఇది నలుగురికీ పనికివచ్చేదే కదా అనిపించి ఇక్కడ వ్రాస్తున్నాను.

మిత్రుడికి ఇచ్చిన సమాధానం ముందే చెప్పేస్తాను. నాలుగువేలకు టెలిస్కోపు అనే పేరున్న వస్తువు దేనినీ కొనవద్దన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. పిల్లవాడి ఉత్సాహం మీద నీళ్లు చల్లుతున్నానని అనుకున్నాడు కాబోలు. నీళ్లు చల్లేది నేను కాదు, ఆ నాలుగువేల వస్తువు అని నా వాదం.

2017 వేసవి సంగతి. మా పెద్ద మనవరాలికి, అంటే మా అమ్మాయి కూతురికి, అప్పుడు పదకొండేళ్లు. సెలవులకు మా ఊరు వచ్చింది. మాది గోదావరి జిల్లాలలో ఒక చిన్న పట్టణం. రాత్రి తొమ్మిది దాటిన తరువాత డాబా ఎక్కితే ఇప్పటికీ చుక్కలు కనిపిస్తాయి. బడిలో సౌరకుటుంబం పాఠం విని వచ్చిందేమో, శనిగ్రహం వలయాలు చూడాలని పిల్ల పట్టుపట్టింది. పింఛను అందిన మర్నాడే పట్నం వెళ్లి, మూడువేల అయిదువందలు పెట్టి ఒక టెలిస్కోపు తెచ్చాను. పెట్టెమీద వలయాలతో, రంగురంగులతో మెరిసిపోతున్న శని బొమ్మ. దాని పక్కన ఎర్రటి పెద్ద అక్షరాలతో "525 రెట్లు". భాషాపండితుణ్ణి కనుక అక్షరాన్ని నమ్మాను.

ఆ వేసవి రాత్రులలో గురుగ్రహం చిత్త నక్షత్రానికి చేరువలో, నడినెత్తికి కాస్త దక్షిణంగా జ్వలిస్తూ ఉండేది. శని రావడానికి ఇంకా ఆలస్యమవుతుంది కనుక ముందు గురుణ్ణే చూద్దామన్నాను. పెద్ద సంఖ్యే మంచిదనుకొని, పెట్టెలో ఉన్న కటకాలలో అన్నిటికంటె చిన్నది తగిలించి, దానికి మరొక గొట్టం కూడా చేర్చి, 525 రెట్లు పూర్తి చేశాను. ఇక చూడండి మా అవస్థ! గొట్టాన్ని ఇటు తిప్పితే గ్రహం అటు పోయేది. వ్రేలు తగిలితే చాలు, మూడు కాళ్ల స్టాండు జ్వరం వచ్చినట్లు వణికేది. అరగంట కుస్తీ పట్టిన తరువాత ఎట్లాగో దొరికింది. పిల్ల కన్ను ఆనించింది. తెల్లగా, అలుక్కుపోయిన మరకలాంటిది ఒకటి కదులుతూ కదులుతూ పక్కకు జారిపోయింది.

"ఇదేనా తాతయ్యా?" అన్నది.

"సరిగ్గా చూడమ్మా. నీకు చూడటం రావడం లేదు" అన్నాను.

ముప్పై అయిదేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ మాట ఎట్లా అన్నానో ఇప్పటికీ నాకు బోధపడదు. మూడు రాత్రులు ప్రయత్నించాము. నాలుగవ రాత్రి పిలిస్తే, "నిద్ర వస్తోంది తాతయ్యా" అన్నది. టెలిస్కోపు అటకెక్కింది. ఆ తరువాత ఆ పిల్ల నా ఎదుట ఆకాశం మాట ఎత్తలేదు.

చాలాకాలం తరువాత, మా ఊళ్లో రిటైరైన ఒక సైన్సు మాస్టారి దగ్గర కూర్చొని లెక్క వేయించుకొన్నాను. పెట్టెమీది 525 అబద్ధం కాదట. గొట్టం ముందున్న వస్తుకటకం నాభ్యంతరం 700 మిల్లీమీటర్లు. కన్ను ఆనించే అక్షికటకం, దుకాణాల భాషలో ఐపీసు, నాభ్యంతరం 4 మిల్లీమీటర్లు. ఏడువందలను నాలుగుతో భాగిస్తే 175. దానికి మూడింతలు చేసే బార్లో కటకం చేరిస్తే 525. గణితం నిక్షేపంగా ఉంది. కాని ముందున్న కటకం వెడల్పు 60 మిల్లీమీటర్లే. వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో, ఆవర్ధనం దానికి రెండింతలు దాటితే ప్రయోజనం లేదన్నది ఈ విద్యలో అందరూ పాటించే సూత్రం. అంటే 60 మిల్లీమీటర్ల గొట్టానికి 120 రెట్లు పరమావధి, అదీ కటకం శ్రేష్ఠమైనదై, గాలి నిలకడగా ఉన్న రాత్రి అయితేనే. ఆపైన బొమ్మ పెద్దదవుతుంది కాని, అందులో కొత్త వివరమేమీ రాదు. చిన్న ఫొటోను జిరాక్సు మిషను మీద పెద్దది చేస్తూ పోతే ముఖం స్పష్టపడదు, మచ్చలు పెద్దవవుతాయి. ఇదీ అంతే. అక్షరం సత్యమే, అర్థం అసత్యం. అలంకారశాస్త్రంలో దీనికి పేరుందో లేదో కాని, వ్యాపారశాస్త్రంలో తప్పక ఉండి ఉంటుంది.

ఇంకొక సంగతి కూడా ఆయనే చెప్పారు. భూమి తిరగడం వలన ఆకాశం నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతూ ఉంటుంది. 175 రెట్ల దగ్గర కనిపించే ఆకాశమే సుమారు పావు డిగ్రీ, నిండు చంద్రుడిలో సగం వెడల్పు. అంటే గ్రహం ఒక నిమిషంలో కన్నుదాటిపోతుంది. 525 రెట్ల దగ్గర ఇరవై సెకండ్లు కూడా నిలవదు. అంత సేపూ ఆ స్టాండు వణుకుతూనే ఉంటుంది. మా పిల్లకు చూడటం రాకపోవడం కాదు, ఆ యంత్రంతో వయసు మళ్లిన ఖగోళశాస్త్రజ్ఞుడికైనా చూడటం సాధ్యం కాదు.

కనుక దూరదర్శిని కొనేటప్పుడు రెట్లు ఎన్ని అని అడగకండి. ముందున్న కటకం గాని దర్పణం గాని ఎంత వెడల్పు, స్టాండు ఎంత గట్టిది అని అడగండి. దుకాణంలో ఒక పరీక్ష చేయవచ్చు. పగటిపూట దూరపు గుడి గోపురం మీది కలశాన్నో, సెల్ టవరునో గురిపెట్టి, గొట్టాన్ని వ్రేలితో ఒకసారి తట్టండి. ఒకటి రెండు సెకండ్లలో వణుకు ఆగితే మంచిది. అయిదారు లెక్కపెట్టినా ఆగలేదంటే, దాని ముందు వజ్రాన్ని కటకంగా బిగించినా వ్యర్థమే. కటకం వెడల్పు మాటకు కూడా వెనుక ఒక లెక్క ఉన్నది. చీకటిలో బాగా విచ్చుకున్న మన కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల కటకం దానికంటె యాభై రెట్లు, 114 మిల్లీమీటర్ల దర్పణం రెండువందల అరవై రెట్లు వెలుగు పోగుచేస్తుంది. చుక్కలు మసకగా ఉండేది చిన్నవైనందుకు కాదు, వెలుగు చాలనందుకు. మనకు కావలసింది పెద్దది చేసే యంత్రం కంటె ముందు వెలుగు పోగుచేసే యంత్రం.

ఎక్కువ రెట్లు లేకపోతే ఏమి కనిపిస్తుందని నిరాశపడేవారికి గెలీలియో ఉదాహరణ చాలు. 1610 జనవరి 7 రాత్రి గురుగ్రహం పక్కన చిన్న చుక్కలను ఆయన తొలిసారి చూసినప్పుడు, ఆయన చేతిలోని గొట్టం శక్తి ఇరవై రెట్లు మాత్రమే. ముందు మూడు చుక్కలే కనిపించాయి, కొద్ది రోజులకు నాలుగవది చిక్కింది. అవి గురుడి చుట్టూ తిరుగుతున్నాయని రాత్రి వెంట రాత్రి బొమ్మ వేసుకొని తెలుసుకొన్నాడు. అంతా భూమి చుట్టూనే తిరుగుతున్నదన్న నమ్మకాన్ని కదిలించడానికి ఇరవై రెట్లు సరిపోయాయి. 2009 లో అంతర్జాతీయ ఖగోళ సంవత్సరం సందర్భంగా పిల్లల కోసం రూపొందించిన చవక దూరదర్శినికి గెలీలియోస్కోపు అని పేరు పెట్టారు. దానికి 50 మిల్లీమీటర్ల కటకం, 25 రెట్ల శక్తి. తయారుచేసినవారికి ఇంకా పెద్ద సంఖ్య అచ్చువేయడం చేతకాక కాదు కదా!

మాటవరసకు చెప్పుకోవాలంటే మన తెలుగునేలకు ఈ పిచ్చి కొత్తది కాదు. 1840 లో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు సొంత వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నిలబెట్టి, 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిపోవడాన్ని పరిశీలించారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901 లో ఆరంభించిన వేధశాలే తరువాత నిజామియా వేధశాల అయింది. వారు జమీందారులు, నవాబులు. ఈనాడు పింఛనుదారుడైన బడిపంతులు కూడా గెలీలియో వాడినదానికంటె మేలైన పరికరం కొనగలడు. ఇది మనకు పట్టిన అదృష్టం. దాన్ని పెట్టెమీది బొమ్మలకు ధారపోయకూడదనే నా బాధ.

ఇక రెండవ కథ. 2024 లో మా అబ్బాయి కొడుకు, మాతోనే ఉంటాడు, పదేళ్లవాడు, సరిగ్గా అదే కోరిక కోరాడు. ఈసారి నేను తొందరపడలేదు. "ఒరే నాన్నా, కొంటాను. కాని ఉగాదినుండి కార్తికం దాకా ఏ గొట్టమూ లేకుండా చూద్దాం. అప్పటికీ నీకు కావాలనిపిస్తే కొంటాను" అన్నాను. వాడు మొగం ముడుచుకొన్నాడు. అయినా సరే అన్నాడు.

క్రోధి నామ సంవత్సర ఉగాదికి కొన్న పంచాంగమే మా మొదటి దూరదర్శిని. పంచాంగంలో ప్రతిరోజూ ఒక నక్షత్రం వ్రాసి ఉంటుంది కదా. అది జాతకాలకే అనుకొంటాము. నిజానికి అది ఆ రోజు చంద్రుడి చిరునామా. రోహిణి అని ఉన్ననాడు చంద్రుడు రోహిణికి దగ్గరలో, మఘ అని ఉన్ననాడు మఘకు దగ్గరలో కనిపిస్తాడు. ఒకటి రెండుచోట్ల కొంచెం అటూ ఇటూ అయినా, నెల తిరిగేసరికి పిల్లవాడికి ఏడెనిమిది నక్షత్రాలు ముఖపరిచయమయ్యాయి. చేయి చాపి పిడికిలి బిగిస్తే ఆకాశంలో సుమారు పది డిగ్రీలు, చిటికెనవ్రేలు ఒక డిగ్రీ అని నేర్పాను. చైత్రవైశాఖాలలో ఉత్తరాన సప్తర్షులు, వారిలో వసిష్ఠుణ్ణి అంటిపెట్టుకొన్న అరుంధతి. దక్షిణాన, చెట్లకు కాస్త పైన త్రిశంకు. జ్యేష్ఠంలో ఎర్రటి జ్యేష్ఠా నక్షత్రంతో వృశ్చికం. తరువాత వానలు వచ్చాయి. వానాకాలంలో టెలిస్కోపు కొన్నవాడు పాపం మూడు నెలలు మబ్బులు చూస్తూ కూర్చోవాలి. కొనడానికి మంచి ముహూర్తం కార్తికం. ఇది జ్యోతిషం కాదు, వాతావరణం.

కార్తికం రానే వచ్చింది. వాడు మరిచిపోలేదు. అప్పుడు ఆరువేల చిల్లర పెట్టి ఒక బైనాక్యులరు కొన్నాను. దానిమీద "10 ఇంటు 50" అని ఉంటుంది. మొదటిది రెట్లు, రెండవది కటకం వెడల్పు మిల్లీమీటర్లలో. అందులో కనిపించే ఆకాశం ఆరు డిగ్రీలకు పైమాటే, పన్నెండు చందమామలను పక్కపక్కన పేర్చినంత. గురిపెడితే తప్పిపోదు. పౌర్ణమి వెళ్లి చీకటి రాత్రులు వచ్చాక మొదట కృత్తికలు చూపించాను. మా ఊళ్లో పిల్లలకోడి అంటారు. ఉత్త కంటికి ఆరు చుక్కలు. బైనాక్యులరులో వాడు ముప్పై దాకా లెక్కపెట్టి, లెక్క తప్పి, మళ్లీ మొదలుపెట్టాడు. నిండుచంద్రుడు కృత్తికల దాపున ఉండే నెల కనుక కార్తికమయిందని ఆ రాత్రే చెప్పాను. ముప్పై అయిదేళ్లు తరగతిలో మాసాల పేర్లు వల్లె వేయించాను. ఒక్క పిల్లవాణ్ణి డాబా ఎక్కించి చూపించిన పాపాన పోలేదు.

బైనాక్యులరును చేతులతో ఊరికే పట్టుకొంటే పది రెట్ల దగ్గర వణుకు తెలుస్తుంది. పిట్టగోడ మీద తలగడ వేసి దానిపై ఆనించాలి, లేదా నులకమంచం మీద వెల్లకిలా పడుకొని చూడాలి. చేతులు చిన్నవైన ఎనిమిదేళ్ల పిల్లలకు 8 ఇంటు 40 తేలికగా ఉంటుంది. రెండు గొట్టాలూ పిల్లల కళ్ల ఎడానికి తగినంత దగ్గరకు ముడుచుకొంటాయో లేదో కొనేముందు పిల్లవాడి చేతనే చూపించాలి. జూమ్ ఉన్నవాటినీ, కటకాలు కెంపురంగులో తళతళలాడేవాటినీ దూరం పెట్టండి.

ఇక బడ్జెట్టు మాట. ధరలు ఏటేటా మారుతుంటాయి కనుక ఇవి ఉజ్జాయింపు లెక్కలే. మూడు నాలుగు వేలు మాత్రమే ఉంటే పంచాంగం, ఒక నక్షత్ర పటం, ఎర్ర రంగుకాగితం చుట్టిన టార్చిలైటు చాలు. ఎర్రవెలుగైతే చీకటికి అలవాటుపడిన కన్ను చెదరదు. మిగిలిన డబ్బు దాచండి. అయిదారు వేలనుండి పదివేల దాకా అయితే నిస్సందేహంగా బైనాక్యులరు. పది పన్నెండు వేలు ఉండి, పిల్లలకు పన్నెండేళ్లు దాటి ఉంటే, 70 మిల్లీమీటర్ల కటకం, పైకీ కిందికీ పక్కలకూ సాఫీగా తిరిగే సాదా స్టాండు ఉన్న గొట్టం ఆలోచించవచ్చు. ఐపీసులు ఒకటింపావు అంగుళం కొలతవై ఉండాలి. అంతకంటె సన్ననివైతే తరువాత మంచివి కొని తగిలించుకొనే వీలు తక్కువ. ఒక పక్కకు వాలిన ఇరుసుతో, బరువు గుండ్లతో, ధ్రువనక్షత్రానికి గురిపెట్టి అమర్చవలసిన స్టాండులు మాత్రం పిల్లలకు వద్దు. మన ప్రాంతంలో ధ్రువనక్షత్రం ఉత్తర దిక్కున పదహారు, పదిహేడు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. పక్కింటి నీళ్లట్యాంకు చాలు దాన్ని మరుగుపరచడానికి.

పదిహేను ఇరవై వేలు పెట్టగలిగితే బల్లమీద పెట్టుకొనే చిన్న డాబ్సోనియను మేలు. 114 నుండి 130 మిల్లీమీటర్ల దర్పణం, కింద గుండ్రంగా తిరిగే చెక్కపీట, అంతే. దీనికి పేరిచ్చిన జాన్ డాబ్సన్ గారి కథ మన పిల్లలకు చెప్పదగినది. 1915 లో చైనాలో పుట్టిన అమెరికన్. శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు మఠంలో సన్యాసిగా ఉన్నాడు. డబ్బు లేదు. పడవ కిటికీల పాత గాజుబిళ్లలు అరగదీసి దర్పణాలు, అట్టగొట్టాలతో, ప్లైవుడ్ ముక్కలతో దూరదర్శినులు చేసి, వీధిలో పోయే వారందరికీ ఆకాశం చూపించేవాడు. చివరకు ఆ పిచ్చి వలననే 1967 లో మఠం విడవవలసి వచ్చింది. ఆ తరువాత 2014 లో కన్నుమూసేదాకా వీధి పేవుమెంట్ల మీద జనానికి చుక్కలు చూపిస్తూనే ఉన్నాడు. ఇరవై వేలు ఒక ఇంటికి భారమే. కాని వీధిలో అయిదారు కుటుంబాలు కలిస్తే ఒక్కొక్కరికి మూడు నాలుగు వేలు. మా మిత్రుడు ఒంటరిగా పారవేయబోయిన సొమ్ము అంతే కదా! అటకమీద అయిదు బొమ్మ టెలిస్కోపులు ఉండటం కంటె, వీధికి ఒక నిజమైన టెలిస్కోపు ఉండటం మేలని నా అభిప్రాయం.

రెండు జాగ్రత్తలు చెప్పి తీరాలి. మొదటిది ప్రాణసమానమైనది. దూరదర్శినితో గాని బైనాక్యులరుతో గాని సూర్యుణ్ణి చూడరాదు, సూర్యుడికి దగ్గరగా కూడా తిప్పరాదు. క్షణంలో కన్ను పోతుంది. కొన్ని చవక పెట్టెలలో ఐపీసుకు బిగించే నల్లని "సన్ ఫిల్టరు" ఇస్తారు. ఆ వేడికి అది ఎప్పుడైనా పగలవచ్చు. పెట్టె విప్పగానే దాన్ని పగులగొట్టి పారవేయండి. రెండవది, మా కోస్తావాళ్లకు. చెమ్మకు కటకాల మీద బూజు పడుతుంది. వాడిన తరువాత తడి ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో పెట్టాలి. ఊరికే చొక్కా అంచుతో తుడవకూడదు.

నా వాదాన్ని మా సైన్సు మాస్టారు పూర్తిగా ఒప్పుకోరు. "బైనాక్యులరులో శనివలయాలు కనబడవు కదండీ. పిల్లవాడు అడిగింది అదే కదా. ఒక్కసారి వలయం చూస్తే జన్మంతా మరచిపోడు. కాస్త ఎక్కువ పెట్టి 70 మిల్లీమీటర్లదే కొనడం న్యాయం" అంటారు. ఈ మాటలో సత్యముంది. వలయం వలయంగా విడివడి కనిపించాలంటే కనీసం పాతిక, ముప్పై రెట్లు కావాలి, నిలకడైన స్టాండు కావాలి. బైనాక్యులరుతో చంద్రుడిలో గుంటలు, గురుడి ఉపగ్రహాలు, కృత్తికలు, మృగశిర కింది మబ్బుమరక, ఇరవై అయిదు లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ పొడ, ఇవన్నీ దొరుకుతాయి. శని మాత్రం దొరకడు. ఆ నిజాన్ని దాచకుండా పిల్లవాడికి ముందే చెప్పాను. "శని ఎక్కడికీ పోడు. పైగా 2025 లో ఆయన వలయాలు మన వైపు అంచుగా తిరిగి సన్నని గీతలా మారుతాయి. తరువాత ఏటేటా విప్పారుతాయి. అప్పటికి నీవూ ఎదుగుతావు, మన హుండీ కూడా నిండుతుంది" అన్నాను. వాయిదా వేసిన కోరికను పిల్లలు భరించగలరు. భరించలేనిది, కోరిక తీరిందని పెద్దలు చెబుతున్నా తీరకపోవడం.

2025 సంక్రాంతికి మా పెద్ద మనవరాలు వచ్చింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, కామర్సు. ఆ రాత్రి డాబా నిండా వెన్నెల. గురుడు రోహిణికి పైన, దాదాపు నడినెత్తిన ఉన్నాడు. తమ్ముడు బైనాక్యులరును పిట్టగోడ మీది తలగడకు ఆనించబోయి, గ్రహం అంత ఎత్తున ఉండటంతో, అక్కను మంచం మీద పడుకోబెట్టి, తలకింద దిండు సర్ది, "ఊపిరి బిగబట్టి చూడక్కా, పక్కన వరుసగా చిన్న చుక్కలుంటాయి" అన్నాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇవేనా గెలీలియో చూసినవి?" అన్నది. అవునన్నాను.

కిందికి దిగేటప్పుడు మెట్ల మీద ఆగి, మామూలుగా, కోపమేమీ లేకుండా అన్నది: "అప్పుడు నాకు చూడటం రాదనుకొన్నాను తాతయ్యా. సైన్సు నా వల్ల కాదేమో అనుకొన్నాను."

ఆ టెలిస్కోపు వల్లనే ఆమె కామర్సు తీసుకొన్నదని నేను అనను. అది నిజం కూడా కాకపోవచ్చు. కామర్సు తక్కువ చదువూ కాదు. కాని ఒక పిల్ల, పాడు వస్తువు చేతికిచ్చినందుకు పెద్దలను తప్పుపట్టకుండా, తన కంటినే తప్పుపట్టుకొని ఎనిమిదేళ్లు మోసింది. తరగతి గదిలోనూ ఇదే చేశానేమో అని ఆ రాత్రి నిద్రపట్టలేదు. అర్థం కాని పాఠం ముందుపెట్టి, "నీకు చదవడం రావడం లేదు" అని ఎందరిని అన్నానో! పిల్లలు మనలను నమ్ముతారు. యంత్రాన్ని అనుమానించరు, పుస్తకాన్ని అనుమానించరు, తమనే అనుమానించుకొంటారు. చవక టెలిస్కోపు అసలు ఖరీదు అది. పెట్టెమీద అచ్చువేయని ధర.

ఆ రాత్రి ఆమెకు క్షమాపణ చెప్పాను. "అయ్యో, పోనీ తాతయ్యా" అని నవ్వేసింది. మర్నాడు రాత్రి పిలవకుండానే డాబా ఎక్కింది.

కనుక నా మాట ఇది. పిల్లలకు మొదటి దూరదర్శిని కొనేటప్పుడు డబ్బు తక్కువైతే తక్కువ చూపే నిజమైన వస్తువు కొనండి, ఎక్కువ చూపుతానని బొంకే వస్తువు కొనకండి. అదీ వీలు కాకపోతే ఊరికే డాబా ఎక్కండి. ఏది కొన్నా పక్కన మీరుండాలి. వారానికి రెండు రాత్రులు, గంట చొప్పున, సీరియలు మానుకొని, సెల్లు ఇంట్లో వదిలి. ఆ గంటకు ఏ దుకాణంలోనూ తగ్గింపు దొరకదు.

మా మిత్రుడు చివరకు ఏమి కొన్నాడో ఇంకా తెలియలేదు. ముందు పంచాంగం తీశాడని మాత్రం వాళ్లావిడ చెప్పింది. మీ ఇంటి అటకల మీద కూడా ఇటువంటి గొట్టాలు పడి ఉంటే, వాటి కథలు తప్పక వ్రాయండి. చదివి, నేనొక్కణ్ణే కాదని కొంత ఊరట పొందుతాను.